కథోలిక ప్రాథమిక పాఠశాల నియమావళిపై సంతకం పెట్టే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కన్యాస్త్రీలు నడిపే ఒక పాఠశాలలో మీ అబ్బాయిని ఈ ఏడాది రెండో తరగతిలో చేర్పించారు. డైరీ మొదటి పేజీల్లో అచ్చువేసిన నియమావళి కింద తల్లిదండ్రుల సంతకం అడిగారు. ఉదయం ప్రార్థనలో పాల్గొనడం, బొట్టు, చేతి దారాలు లేకుండా రావడం, ఆవరణలో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడటం, గంట కొట్టాక వస్తే గేటు బయట ఆగిపోవడం, తప్పు చేస్తే ‘తగిన శిక్ష’ పొందడం అందులో ఉన్నాయి. మీది హిందూ కుటుంబం. పోయిన వారం హోంవర్కు తీసుకురాలేదని బాబును తరగతి గది బయట మోకాళ్ళపై ఉంచారు. సంతకం పెట్టాలా, ప్రశ్నిస్తే పిల్లవాడిపై కక్ష కడతారా, బడి మార్చడమే మేలా అన్నవి మీ సందేహాలు.

నేను కథోలిక విశ్వాసిని. ఇటువంటి పాఠశాలల ప్రాథమిక విభాగాల్లో ఉపాధ్యాయినిగానూ, తరువాత ప్రధానోపాధ్యాయినిగానూ నా ఉద్యోగ జీవితమంతా గడిపాను. అందువల్ల నియమావళులు ఎవరు ఎందుకు రాస్తారో, రాసినవాటిలో ఎన్ని అమలవుతాయో చెప్పగలను. పట్టికలో ఎన్ని నిబంధనలున్నాయో లెక్కపెట్టి బడిని అంచనా వేయవద్దని ముందుగా మనవి. నియమం తప్పిన పిల్లవాడికి ఆ తరువాతి పది నిమిషాల్లో ఏమి జరుగుతుందో కనుక్కోండి. ఆ బడిలో క్రమశిక్షణ ఎటువంటిదో అక్కడే తెలుస్తుంది. సంతకం విషయానికి వస్తే, పెట్టండి, కానీ మీ స్వదస్తూరీతో రెండు వాక్యాలు చేర్చి పెట్టండి. ఆ వాక్యాలు ఏమిటో కింద సందర్భానుసారం చెబుతాను.

గంట, వరుస, మౌనం, యూనిఫారం, డైరీ వంటి నియమాల గురించి మీరు ఆందోళన పడవలసిన పని లేదు. ఇవి ఆ సిస్టర్లు మీ కోసం కొత్తగా కనిపెట్టినవి కావు. ఫ్రాన్సులో జాన్ బాప్టిస్ట్ ద లసాల్ అనే గురువు (మేము ఫాదరును గురువు అంటాము) 17వ శతాబ్దం చివరి భాగంలో పేద పిల్లలకు బడులు పెట్టినప్పుడు, ఒక్కొక్క ఉపాధ్యాయుడి ముందు పదుల సంఖ్యలో పిల్లలు కూర్చునేవారు. గొంతు చించుకోకుండా అంతమందిని నడిపించడానికి ఆయన చిన్న చెక్క పరికరంతో చేసే శబ్దాలను, సైగలను ఒక పద్ధతిగా ఏర్పరచాడు. సికింద్రాబాదుకు 1871లో వచ్చిన సెయింట్ ఆన్స్ సిస్టర్లు, గుంటూరుకు 1904లో హాలెండు నుంచి వచ్చిన జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసఫ్) సిస్టర్లు, వారి తరువాత వచ్చిన ఇతర కన్యాస్త్రీల సభలవారు ఐరోపా మఠాల దినచర్యను తమవెంట తెచ్చుకున్నారు. మన దగ్గర కాన్వెంటు క్రమశిక్షణ అని చెప్పుకునేదానిలో పెద్ద భాగం ఆ దినచర్యే. యాభైమంది ఉన్న రెండో తరగతిలో, ఏ గంటకు ఏమి చేయాలో ముందుగా తెలిసిన పిల్లలు, తెలియని పిల్లలకన్నా నిశ్చింతగా ఉంటారు. ఆరేడేళ్ళ వయసుకు క్రమం అంటే భద్రతే. రాత్రి టైంటేబులు చూసి సంచి సర్దించడం, డైరీలో సంతకం మరచిపోకుండా పెట్టడం, సెలవు కావాలంటే ముందుగా లేఖ పంపడం మీరు అలవాటు చేసుకుంటే ఈ నియమాల్లో ముప్పావు వంతు మీ ఇంట్లో చర్చకే రావు.

ఇందులో ఒక్క గేటు నిబంధన దగ్గర మాత్రం నేను బడివారితో ఏకీభవించను. రెండో తరగతి పిల్లవాడు తనంతట తాను ఆలస్యంగా రాడు. ఆటో ఆలస్యమవుతుంది, లేదా ఇంట్లో పెద్దలు ఆలస్యం చేస్తారు. పెద్దల తప్పుకు పిల్లవాడిని రోడ్డు పక్కన నిలబెట్టడం శిక్షగా అన్యాయం, రక్షణ పరంగా ప్రమాదం. ఆలస్యమైన పిల్లవాడిని లోపలికి తీసుకుని, తల్లిదండ్రులకు చీటీ పంపి, పదేపదే జరిగితే వారినే పిలిపించి మాట్లాడటం సరైన పద్ధతి. మీరు ఈ సూచన చేస్తే చాలామంది ప్రధానోపాధ్యాయినులు ఒప్పుకుంటారు. గేటు మూసే నియమం తరచుగా ఉన్నత తరగతుల కోసం రాసి, అందరికీ ఒకే డైరీ అచ్చువేయడం వల్ల చిన్నపిల్లల మీద పడుతుంది.

ఇక ప్రార్థన సంగతి. రాజ్యాంగం 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి కథోలిక బడిలో సిలువ, మరియమాత స్వరూపం, ఉదయం ప్రార్థన, అక్టోబరులో జపమాల, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు తొలిరోజైన విభూది బుధవారం ఉంటాయి. వాటిని తీసివేయమని ఎవరూ అడగలేరు. అయితే అదే రాజ్యాంగం 28వ అధికరణం మూడవ క్లాజు, ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ నిధులు పొందుతున్న విద్యాసంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనరు అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మత బోధనకో ఆరాధనకో హాజరుకావాలని నిర్బంధించరాదని చెబుతుంది. ఈ రెండు అధికరణాలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. బడికి ప్రార్థన జరుపుకునే హక్కు ఉంది, మీకు సమ్మతి ఇచ్చే లేదా ఇవ్వకపోయే హక్కు ఉంది. మెలిక సంతకంలో ఉంది. ‘పై నియమాలన్నింటికీ అంగీకరిస్తున్నాము’ అన్న అచ్చువాక్యం కింద మీరు సంతకం పెడితే దాన్ని సమ్మతిగా చూపించవచ్చు. అందుకే మీరు చేర్చవలసిన మొదటి వాక్యం ఇది: ‘మా అబ్బాయి అసెంబ్లీలో ప్రార్థన సమయంలో గౌరవంగా నిలబడతాడు; ఆరాధనలోనూ, సత్యోపదేశంలోనూ పాల్గొనడానికి మా సమ్మతి లేదు.’ సత్యోపదేశం అంటే కథోలిక మత పాఠం. పాల్గొన్నా ఫరవాలేదని మీ ఇంట్లో అనుకుంటే ఈ వాక్యం అవసరమే లేదు. పరలోక జపం (యేసు నేర్పిన ప్రార్థన) నోటికి వచ్చిన హిందూ, ముస్లిం పిల్లలను నేను వందల్లో చూశాను. వారి ఇళ్ళలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. నిర్ణయం మీది, అది కాగితం మీద ఉండాలన్నదే నా మాట.

గౌరవంగా నిలబడితే చాలా అన్న సందేహం మీకు రావచ్చు. కేరళలో జాతీయ గీతం పాడకుండా నిశ్శబ్దంగా లేచి నిలబడిన యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలను 1985లో బడి నుంచి పంపివేస్తే, 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. నిలబడటంలోనే గౌరవం ఉందనీ, మనస్సాక్షికి విరుద్ధంగా పాడమని నిర్బంధించరాదనీ దాని సారాంశం. ప్రార్థన విషయంలో మీ బాబుకు నేర్పవలసింది కూడా అదే. పక్కవాడు సిలువ గుర్తు వేసుకుంటుంటే నవ్వకూడదు, కబుర్లు చెప్పకూడదు, నిలబడాలి.

బడివారు ఎలా స్పందిస్తారో అన్న భయం మీకు ఉంటే ఒక విషయం తెలుసుకోండి. భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య 2024 ఏప్రిల్‌లో తమ పాఠశాలలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయాలను రుద్దరాదని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశికను చదివించాలని, అన్ని మతాలవారికీ ప్రార్థనా మందిరం ఏర్పాటు చేయాలని అందులో ఉంది. అంటే మీరు అడిగేది పీఠాధిపతులు తమవారికి చెప్పినదే. సాధారణంగా మన బడుల్లో కథోలిక పిల్లలకు సత్యోపదేశం జరిగే పీరియడులో మిగిలినవారికి నీతిబోధ జరుగుతుంది. మీ బాబును ఏ గదికి పంపుతున్నారో ఒకసారి అడగండి. చాలు.

బొట్టు, దారాలు, దీక్ష దుస్తుల విషయం ఇంతకన్నా సున్నితమైనది. అదే ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్సెట్టిపేట ప్రాంతంలో, హనుమాన్ దీక్ష దుస్తులతో వచ్చిన విద్యార్థుల విషయమై మొదలైన వివాదం, ఒక గుంపు కథోలిక పాఠశాలపై దాడి చేసి ధ్వంసం చేసేదాకా వెళ్ళింది. ఎవరిది ఎంత తప్పు అన్న చర్చ ఇక్కడ అనవసరం. ముందురోజు ఇంటి నుంచి ఒక లేఖ, బడి నుంచి ఒక జవాబు ఉండే అలవాటు ఉంటే ఇటువంటివి అంతదూరం పోవు. యూనిఫారం నియమం ధనిక, పేద తేడా కనబడకుండా ఉండటానికి పుట్టింది. బంగారు గాజులను, ఖరీదైన గడియారాలను ఆపడానికి అది పనికొస్తుంది. చిన్న బొట్టును తుడిపించడానికి దాన్ని వాడటం నియమం ఉద్దేశాన్ని దాటిపోవడమే. అయ్యప్ప మాల వేస్తే నలభైఒక్క రోజుల అవధిని పేర్కొంటూ ముందుగానే లేఖ ఇవ్వండి. కాలపరిమితి కనబడే విన్నపానికి అనుమతి ఇవ్వడం ప్రధానోపాధ్యాయినికి సులభం. మెడలో తాయెత్తు, మొలతాడు వంటివి చొక్కా లోపల ఉంటాయి కనుక వాటి జోలికి ఎవరూ రారు.

ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలన్న నియమానికి కథోలిక విశ్వాసంతో ఏ సంబంధమూ లేదు. అది తల్లిదండ్రుల కోరికకు బడులు ఇచ్చిన జవాబు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక ఇంగ్లీషు మీడియం పాఠశాలలో, తెలుగు మాట్లాడినందుకు ఇకపై తెలుగు మాట్లాడబోమని రాసిన పలకలను పిల్లల మెడలో వేలాడదీసిన సంగతి అప్పట్లో ఎంత దుమారం రేపిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తరగతిలో ఇంగ్లీషులో జవాబు చెప్పించడానికి ప్రయత్నించడం బోధన. ఆటస్థలంలో పడి మోకాలు గీరుకుపోయిన పిల్లవాడు ‘అమ్మా’ అన్నందుకు రూపాయి జరిమానా వేయడం బోధన కాదు. పైగా ఆ జరిమానా కట్టేది మీరే కాబట్టి పిల్లవాడికి దానివల్ల వచ్చే పాఠం ఏమీ లేదు.

అసలు విషయం శిక్ష. ‘తగిన శిక్ష’ అన్న రెండు మాటలను ఖాళీగా వదిలిన నియమావళి అసంపూర్ణమైనది. మీ బాబుకు జరిగింది కూడా ఆ ఖాళీలోనే జరిగింది.

చట్టం గురించి స్పష్టంగా తెలుసుకోండి, ఎందుకంటే ఇందులో ఒక అపోహ ప్రచారంలో ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. దీన్ని పట్టుకుని, మైనారిటీ బడిలో కొట్టినా అడిగే హక్కు లేదని కొందరు తల్లిదండ్రులూ, ఆశ్చర్యకరంగా కొందరు ఉపాధ్యాయులూ నమ్ముతారు. అది పూర్తిగా తప్పు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్, తన సంరక్షణలో ఉన్న బిడ్డను ఎవరైనా కొట్టినా, అనవసరమైన శారీరక లేదా మానసిక బాధ కలిగేలా ప్రవర్తించినా మూడేళ్ళ వరకు జైలు లేదా లక్ష రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. అందులో మైనారిటీ సంస్థలకు మినహాయింపు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యా నిబంధనలను సవరించి శారీరక శిక్షను తొలగించింది 2002లోనే, అంటే విద్యాహక్కు చట్టానికి ఏడేళ్ళ ముందే. ఇక జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు బెత్తంతో ఆగలేదు. బెంచీ ఎక్కించడం, సంచి నెత్తిన పెట్టి నిలబెట్టడం, మోకాళ్ళపై ఉంచడం వంటి భంగిమలను కూడా శారీరక శిక్షగానే లెక్కించాయి.

అయినా మీరు ప్రధానోపాధ్యాయిని గదిలోకి ఈ సెక్షన్ల సంఖ్యలతో వెళ్ళవద్దని నా సలహా. వారి సంప్రదాయంలోనే ఇంతకన్నా బలమైన వాదన ఉంది. ఇటలీలోని టూరిన్ నగరంలో వీధి బాలుర కోసం జీవితాన్ని ధారపోసిన జాన్ బోస్కో గురువు 1877లో తన విద్యా విధానాన్ని వివరిస్తూ రాసిన చిన్న వ్యాసంలో ఈ విషయాన్ని సూటిగా చెప్పాడు. ఏ విధంగానైనా కొట్టడం, బాధ కలిగే భంగిమలో మోకాళ్ళపై ఉంచడం, చెవులు మెలిపెట్టడం పూర్తిగా మానాలి అన్నాడు. చట్టం వాటిని నిషేధించింది, అవి పిల్లలను రెచ్చగొడతాయి, ఉపాధ్యాయుడిని దిగజారుస్తాయి అన్నవి ఆయన చూపిన కారణాలు. చాలా అరుదైన సందర్భాల్లో తప్ప దిద్దుబాటు పదిమందిలో కాక ఏకాంతంలో జరగాలనీ, నియమాలూ శిక్షలూ ముందుగానే పిల్లలకు తెలియాలనీ కూడా రాశాడు. ప్రతి కథోలిక ఉపాధ్యాయ శిక్షణలోనూ ఆయన పేరు వినిపిస్తుంది. ప్రతి వరండాలోనూ ఆయన మాట అమలు కాదు.

మోకరించడం విషయంలో నాకు మరో అభ్యంతరం ఉంది, అది నా విశ్వాసానికి సంబంధించినది. మాకు అది ప్రార్థన భంగిమ. ఆదివారం దివ్యబలిపూజలో భక్తితో మోకరించే బిడ్డను సోమవారం అవమానించడానికి అదే భంగిమలో ఉంచితే, ఆ బిడ్డకు ఏది మిగులుతుంది? మీ బాబుకు అది ఒక శిక్ష మాత్రమే. పక్కనే ఉన్న కథోలిక పిల్లవాడికి అంతకన్నా ఎక్కువ నష్టం జరుగుతోంది. ఈ మాట మీరు అంటే సిస్టరుగారు తప్పక ఆలోచిస్తారు.

వయసు సంగతి కూడా చూడండి. 1983 నాటి చర్చి చట్టం 97వ సూత్రం ప్రకారం ఏడేళ్ళు నిండని బిడ్డ తన చేతలకు బాధ్యత వహించగలవాడు కాడు. ఏడేళ్ళు నిండాకే వివేకం వచ్చినట్లు భావిస్తారు. 1910లో పదవ పయస్ పోపు ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (పూజలో పవిత్ర అప్పాన్ని మొదటిసారి స్వీకరించడానికి) ఇంచుమించు ఆ వయసునే నిర్ణయించాడు. మా పిల్లలు దానికి ముందు పాపసంకీర్తనం నేర్చుకుంటారు. చేసిన తప్పును గుర్తించడం, దానికి బాధపడటం, గురువుకు ఏకాంతంగా చెప్పుకోవడం, చెడగొట్టినదాన్ని సరిదిద్దడం అందులోని క్రమం. అలా ఏకాంతంలో విన్న తప్పును గురువు బయట ఎన్నడూ ఎత్తకూడదు. ప్రాథమిక బడికి క్రమశిక్షణ పద్ధతి వెతుక్కోవాలంటే ఇంతకన్నా దూరం వెళ్ళనవసరం లేదు. హోంవర్కు చేయని పిల్లవాడిని పక్కకు పిలిచి ఎందుకు చేయలేదో అడగాలి, విరామంలో కొంత సమయం కూర్చోబెట్టి పూర్తి చేయించాలి, కానీ భోజనం సమయాన్ని ముట్టుకోకూడదు, పూర్తయ్యాక ఆ సంగతి మరచిపోవాలి. గోడ మీద గీసినవాడు గోడ తుడవాలి, తోటివాడిని తోసినవాడు అతనికి క్షమాపణ చెప్పి నీళ్ళు తెచ్చివ్వాలి. కొన్నాళ్ళు లీడరు బాధ్యత తీసివేయడం, తల్లిదండ్రులకు డైరీలో రాయడం కూడా న్యాయమైన చర్యలే. ఎర్ర సిరా రిమార్కును ఏడాదంతా ప్రతి సమావేశంలో తిరగేసి చూపించడం మాత్రం పైన చెప్పిన పద్ధతికి విరుద్ధం. డైరీలో మీరు చేర్చవలసిన రెండవ వాక్యం ఇక్కడిది: ‘తగిన శిక్ష అన్నచోట శారీరక శిక్షకు, అందరి ముందు అవమానానికి మా అంగీకారం లేదు, ఏ తప్పు జరిగినా మాకు అదే రోజు తెలియజేయగలరు.’

కక్ష కడతారా అన్న మీ భయం నిరాధారమైనదని నేను అనను. అడిగే తీరును బట్టి దాన్ని చాలావరకు తగ్గించవచ్చు. మొదట క్లాస్ టీచరును కలవండి, గేటు దగ్గర ఇతర తల్లుల ముందు కాకుండా అపాయింటుమెంటు తీసుకుని కలవండి. హోంవర్కు ఎందుకు తప్పిందో మీరే ముందు చెప్పి, ఇకపై ఇంట్లో ఏమి చేస్తారో చెప్పి, ఆ తరువాత మోకాళ్ళ విషయం ఎత్తండి. యాభైమందితో రోజంతా నిలబడే ఆ టీచరుకు తరచుగా జీతం తక్కువ, శిక్షణ తక్కువ, పైనుంచి ఒత్తిడి ఎక్కువ. ఇది సమర్థన కాదు, ఆమెతో మాట్లాడేటప్పుడు మీరు గుర్తుంచుకోవలసిన సంగతి. అక్కడ తేలకపోతే హెచ్.ఎం. సిస్టరుకు లేఖ ఇచ్చి నకలుపై అందినట్లు సంతకం తీసుకోండి. ఆ పైన కరస్పాండెంటు ఉంటారు. బడి మేత్రాసనానిదైతే (పీఠాధిపతి పాలించే ప్రాంతానిదైతే) ఆ పైన పీఠాధిపతి కార్యాలయంలో విద్యా విభాగం చూసే గురువు, కన్యాస్త్రీల సభదైతే ఆ సభ ప్రాంతీయ అధిపతి అయిన ప్రొవిన్షియల్ ఉంటారు. ఈ తేడా చాలామందికి తెలియక, సంబంధం లేని విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదరు) దగ్గరికి వెళ్ళి తిరిగి వస్తుంటారు. ఒంటిమీద దెబ్బ కనబడిన రోజు మాత్రం ఈ మెట్లన్నీ ఎక్కవలసిన పని లేదు. వైద్యుడికి చూపించి, 1098కి ఫోన్ చేయండి.

సిస్టరుగారితో మాట్లాడేటప్పుడు ప్రపంచ కథోలిక పీఠాధిపతులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్యపై వెలువరించిన ప్రకటనను గుర్తుచేయవచ్చు. బిడ్డకు మొదటి, ముఖ్యమైన విద్యాబోధకులు తల్లిదండ్రులేనని అందులో ఉంది. మీరు అతిథిగా కాక భాగస్వామిగా ఆ గదిలో కూర్చున్నారని దాని అర్థం.

బడి మార్చాలా అన్నదానికి ఇప్పుడే జవాబు అక్కర్లేదు. మీ లేఖకు ఏ జవాబు వస్తుందో, వచ్చే కొన్ని వారాల్లో బాబు ఉదయం బడికి ఎలా బయలుదేరుతున్నాడో చూడండి. వీలైతే ఒకరోజు విరామం సమయానికి ఏదో పని మీద వెళ్ళి వరండా గమనించండి. గంట మోగగానే పిల్లలు నవ్వుతూ వరుసలోకి పరుగెత్తుతున్నారా, లేక టీచరు చేతివైపు చూస్తూ సర్దుకుంటున్నారా అన్నది అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రెండవదే కనబడి, మీ లేఖకు కూడా జవాబు రాకపోతే, ఇతర బడుల్లో వచ్చే ఏటి ప్రవేశ దరఖాస్తులు ఇచ్చే సమయానికి ముందే ప్రయత్నం మొదలుపెట్టండి. టీసీ కోసం రాసే విన్నపంలో ‘సొంత కారణాలు’ అని రాయకుండా అసలు కారణాన్ని, ఏ టీచరు పేరూ లేకుండా, రెండు మూడు వాక్యాల్లో రాయండి. బదిలీపై రేపు వచ్చే కొత్త హెచ్.ఎం. చదివే ఫైలులో ఆ కాగితం ఉంటుంది.